బంధంలో పండిన కరుణ

దుఃఖంలో ఉన్న మనిషి లెక్క చూసుకుని మాట్లాడతాడా? పాదాల్ని తిరగేసి, మెలిపెట్టి, మొదలుకీ చివరకీ ముడివేసి చెప్పేది నిజమైన దుఃఖమేనా? బంధకవిత్వం, చిత్రకవిత్వం అనగానే మనలో చాలామందికి వచ్చే అనుమానమిది. ఆనందవర్ధనుడంతటివాడు చిత్రాన్ని కావ్యాల్లో అట్టడుగున కూర్చోబెట్టాడు. అయితే ఆయనే ఇంకో మాటా అన్నాడు: రసంలో మునిగిన కవి విడిగా మరో ప్రయత్నం చేయకుండానే, రసంతోపాటు పుట్టుకొచ్చిన అలంకారమే అలంకారం. ఈ రెండో మాటకు మన కాలపు ఉదాహరణ ఏదని ఎవరైనా అడిగితే, అమెరికన్ కవయిత్రి నటాషా ట్రెథవే రాసిన 'నేటివ్ గార్డ్' చేతిలో పెడతాను.

2006లో అచ్చయి, మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి అందుకున్న ఆ సంపుటి చాలా పలచన. అందులో ఒక గజల్ ఉంది. మలయా జానపదుల నుంచి వచ్చిన పాంటూమ్ ఉంది. నల్లవాళ్ళ బ్లూస్ పాటను సానెట్ మూసలో పోసిన పద్యం ఉంది. సగందాకా నడిచి, వచ్చిన దారినే పాదం వెంట పాదం వెనక్కి నడిచే పద్యం ఉంది. ఒకదాని కొసను ఒకటి అందుకునే గొలుసు సానెట్లు ఉన్నాయి. వరస చెబితే ఇదంతా అవధానపు గారడీలా వినిపిస్తుంది. చదువుతుంటే మాత్రం గొంతు పూడుకుపోతుంది. విద్య ఇంత కళ్ళెదుట కనిపిస్తున్నా కరుణ ఎక్కడా పలచబడదు. పైగా ఆ విద్య వల్లే చిక్కబడుతుంది. ఈ పుస్తకంలోని అందమంతా అక్కడే ఉంది.

ఆమె జీవితం తెలియకపోయినా ఈ పద్యాలు నిలబడతాయి. తెలిస్తే ఇంకొంత లోతుగా దిగుతాయి. ట్రెథవే 1966 ఏప్రిల్ 26న మిసిసిపీ రాష్ట్రంలో, సముద్రతీరపు గల్ఫ్‌పోర్ట్ పట్టణంలో పుట్టింది. అంతర్యుద్ధంలో బానిసత్వం పక్షాన నిలబడి ఓడిన కాన్ఫెడరేట్ సైనికులను ఆ రాష్ట్రం స్మరించుకునే రోజది. తల్లి గ్వెండొలిన్ ఆన్ టర్న్‌బౌ నల్లజాతి స్త్రీ. తండ్రి ఎరిక్ ట్రెథవే కెనడా నుంచి వచ్చిన తెల్లవాడు, తనూ కవే. వాళ్ళ పెళ్ళి మిసిసిపీ చట్టం ప్రకారం నేరం కాబట్టి, 1965లో ఒహాయో నది దాటి సిన్సినాటి వెళ్ళి ఒకటయ్యారు. అలాంటి చట్టాలను అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది 1967లో. అంటే ఈ పిల్ల కళ్ళు తెరిచేనాటికి, సొంత రాష్ట్రం దృష్టిలో ఆమె పుట్టుకే చట్టవిరుద్ధం.

తర్వాత తల్లిదండ్రులు విడిపోయారు. తల్లి బిడ్డను తీసుకుని అట్లాంటా చేరి మళ్ళీ పెళ్ళి చేసుకుంది. ఆ రెండో భర్త చేతిలో ఏళ్ళ తరబడి హింస పడి, విడాకులు తీసుకుని బయటపడ్డాక, 1985 జూన్ 5న అతని తుపాకీకే బలైంది. అప్పటికి ఆమెకు 40 ఏళ్ళు. కూతురికి 19, జార్జియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటోంది. హత్య జరిగిన అపార్ట్‌మెంట్ ఉన్నది మెమోరియల్ డ్రైవ్ అనే రోడ్డు దగ్గర. ఆ రోడ్డు స్టోన్ మౌంటెన్ వైపు సాగుతుంది. ఆ గ్రానైట్ కొండ మీద కాన్ఫెడరేట్ నాయకులు ముగ్గురు గుర్రాలెక్కి, కొండంత శిల్పాలై ఉన్నారు. ఓడిన యుద్ధానికి ఒక కొండనే చెక్కేశారు. గల్ఫ్‌పోర్ట్‌లోని తల్లి సమాధి మీద మాత్రం చాలా ఏళ్ళు ఒక రాయి కూడా లేదు. ట్రెథవే కవిత్వమంతా ఈ రెండింటి మధ్య నడుస్తుంది.

'ఆఫ్టర్ యువర్ డెత్' అనే చిన్న పద్యం చూడండి. తల్లి పోయిన తర్వాత కూతురు ఇల్లు సర్దుతోంది. అల్మారాల్లోని బట్టలు తీసేసింది. తల్లి చేయి తగిలి కమిలిన గిన్నెడు పండ్లు పారేసింది. జామ్ చేసి పెట్టుకుందామని తల్లి కొన్న సీసాలు ఖాళీగా ఉండిపోయాయి. మర్నాడు పెరట్లో పండిన అంజూరం ఒకటి తుంచి చూస్తే, సగం ఎవరో తినేశారు, తక్కిన సగం కుళ్ళుతోంది. ఇంకోటి చీల్చి చూస్తే లోపల పురుగులు మూగి గుల్ల చేస్తున్నాయి. మళ్ళీ ఆలస్యంగానే వచ్చానన్న మాట ఒకటి తగులుతుంది. చివరికి రేపు నింపుకోవలసిన గిన్నె ఒకటి మిగులుతుంది. ఇంతే పద్యం. కన్నీళ్ళ ప్రసక్తి లేదు, హత్య ఊసు లేదు. అనుభావాలన్నీ చేతి పనుల్లోకి వెళ్ళిపోయాయి: తీయడం, పారేయడం, తుంచడం, చీల్చడం. పైకి చక్కగా పండి లోపల తొలిచేసుకుపోతున్న ఆ పండు ఆ ఇంట్లో ఏళ్ళపాటు ఏం జరిగిందో ఒక్క మాటైనా అనకుండా చెప్పేస్తుంది. ధ్వని అంటే ఇదే.

'మిత్' అనే పద్యంలో బంధం ఇంకా బిగుసుకుంటుంది. తొమ్మిది పాదాలు నడిచాక మధ్యలో చిన్న విరామం. ఆ తర్వాత అవే తొమ్మిది పాదాలు చివరి నుంచి మొదటికి వెనక్కి నడుస్తాయి. మన అనులోమ విలోమాల్లో అక్షరం అక్షరం వెనక్కి తిరిగితే, ఇక్కడ పాదానికి పాదం తిరుగుతుంది. విషయం చెప్పడానికి సులువే: తల్లి చనిపోతున్న క్షణంలో కూతురు నిద్రలో ఉంది. అప్పట్నుంచి కలలో తల్లి బతికి వస్తుంది. మెలకువ వచ్చేటప్పుడు ఆమెను తనతోపాటు పొద్దులోకి లాక్కురావాలని కూతురు పెనుగులాడుతుంది. కళ్ళు తెరిచి చూస్తే వెనక ఎవరూ ఉండరు. భార్య యూరిడిసీని పాతాళం నుంచి తెచ్చుకుంటూ, వెనక్కి తిరిగి చూసి పోగొట్టుకున్న గ్రీకు గాయకుడు ఆర్ఫియస్ కథ ఈ పద్యం అడుగున పారుతూ ఉంటుంది.

ఇప్పుడు ఆ ఎదురునడక ఏం చేస్తోందో చూడాలి. మొదటి సగంలో మనం నిద్ర నుంచి మెలకువకు వస్తాం, తల్లి జారిపోతుంది. రెండో సగంలో మెలకువ నుంచి మళ్ళీ నిద్రలోకి దిగుతాం. అంటే పద్యమే వెనక్కి తిరిగి తల్లి కోసం కిందికి వెళ్తుంది. చేరిన చోటు మాత్రం మొదటి పాదమే: తల్లి చనిపోతోంది, కూతురు నిద్రపోతోంది. రక్షించడానికి వెళ్ళిన ప్రతిసారీ ఆ క్షణమే ఎదురవుతుంది. అవే మాటలు మొదటిసారి జరిగినదాన్ని చెప్పాయి, రెండోసారి తప్పించుకోలేనిదాన్ని చెబుతాయి. ఈ పద్యాన్ని మామూలు వచన కవితగా రాసి ఉంటే, ఈ కల నాకు రోజూ వస్తుందని ఆమె చెప్పుకోవలసి వచ్చేది. ఇప్పుడు ఆ రోజూ రావడమే పద్యం ఆకారమైంది. చెప్పవలసిన పని లేకపోయింది.

'ఇన్సిడెంట్' అనే పాంటూమ్‌లోనూ ఇలాగే జరుగుతుంది. పాంటూమ్‌లో ఒక చరణంలోని రెండు, నాలుగు పాదాలు తర్వాతి చరణంలో ఒకటి, మూడు పాదాలై తిరిగి వస్తాయి. అందుకే అడుగు ముందుకు పడ్డప్పుడల్లా కొంత వెనక్కి లాగుతుంది. ట్రెథవే చిన్నతనంలో అమ్మమ్మ ఇంటి ముందు తెల్ల ముసుగువాళ్ళు శిలువ నిలబెట్టి తగలబెట్టారు. ఆ సంఘటనను ఆ కుటుంబం ఏటేటా చెప్పుకుంటుంది. కిటికీ తెరలు దించుకుని చూడడం, గదుల్లో దీపాలు ఆర్పి లాంతర్లు వెలిగించుకోవడం, క్రిస్మస్ చెట్టులా కట్టి నిలబెట్టిన శిలువ, దేవదూతల్లా తెల్లటి అంగీలు. ఇవన్నీ ఒక్కోసారి ఒక్కో వెలుగులో తిరిగి వస్తాయి. నిజానికి ఏమీ కాలేదులే అన్న ధోరణిలో మొదలవుతుంది కథ. కాలిన గడ్డి మళ్ళీ పచ్చబడిందని మొదట వింటాం. తర్వాతి చరణంలో ఆ పాదమే తిరిగి వచ్చేసరికి చిన్న మాట ఒకటి మారుతుంది, మనం ఇవాళ్టి నుంచి జారి ఆ రాత్రిలో పడతాం. చివరి పాదం మళ్ళీ మొదటి పాదమే. పెద్దవాళ్ళు ఇంటి కథ చెప్పేటప్పుడు వినేవాళ్ళకు తెలుసు, చెప్పిందే చెబుతారు, చెప్పినప్పుడల్లా గొంతులో ఏదో మారుతుంది. భయాన్ని పంచుకుని బతికిన ఇంటికి ఇంతకంటే తగిన ఛందస్సు దొరకదు.

ఇక గజల్. దాశరథి, సినారెల పుణ్యమా అని రదీఫ్ అంటే ఏమిటో తెలుగువాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. అమెరికాలో గజల్ పేరుతో ఎవరికి తోచింది వాళ్ళు రాస్తుంటే, రదీఫ్, దాని ముందు వచ్చే ప్రాస కాఫియా పాటించి తీరాలని పట్టుబట్టినవాడు కాశ్మీరీ కవి ఆగా షాహిద్ అలీ. ట్రెథవే గజల్ 'మిసెజనేషన్' అందులో రదీఫ్ కట్టుబాటుకు లోబడిన రచన. దాని రదీఫ్ 'మిసిసిపీ'. తల్లిదండ్రులు నది దాటి చేసుకున్న పెళ్ళి, తన పుట్టుక, తండ్రి చదువుకుంటున్న టాల్‌స్టాయ్ నవల, అందులోంచి తనకు దిగిన పేరు, ఇలా ఏ షేర్ ఎటు వెళ్ళినా ఆ రాష్ట్రం పేరు మీదే వచ్చి ఆగుతుంది. గజల్లో తిరిగి తిరిగి ప్రేయసి గడప దగ్గరికి చేరడం రివాజు. ఇక్కడ ఆ గడప స్థానంలో ఉన్నది, ఆమె పుట్టుకనే ఒప్పుకోని జన్మభూమి. ఆఖరి షేర్‌లో కవి పేరు రావాలన్న నియమం ఉంది కదా, తఖల్లుస్. తన పేరుకున్న అర్థాన్ని అక్కడ ఆమె విప్పుతుంది. చట్టం గుర్తించని బిడ్డ, సంప్రదాయం ఇచ్చిన హక్కుతో పద్యం చివర దర్జాగా సంతకం పెట్టింది. ఆ నియమమే లేకపోతే ఆ సంతకానికి అంత బలం వచ్చేది కాదు.

పుస్తకానికి పేరిచ్చిన దీర్ఘపద్యం వెనక చరిత్ర ఉంది. 1862లో న్యూ ఆర్లీన్స్‌లో ఉత్తరాది పక్షమైన యూనియన్ సైన్యం 'లూసియానా నేటివ్ గార్డ్స్' పేరుతో నల్లవాళ్ళ రెజిమెంట్లు కట్టింది. ఆ సైన్యంలో అధికారికంగా చేరిన తొలి నల్ల పటాలాల్లో అవీ ఉన్నాయి. వాటిలో రెండో రెజిమెంట్‌ను గల్ఫ్‌పోర్ట్‌కు ఎదురుగా సముద్రంలో ఉన్న షిప్ ఐలాండ్‌కు పంపారు. అక్కడి కోటలో బందీలుగా ఉన్న తెల్ల కాన్ఫెడరేట్ సైనికులకు వీళ్ళు కాపలా. నిన్నటి బానిస ఇవాళ యజమానికి కావలివాడయ్యాడు. ట్రెథవే చిన్నప్పట్నుంచీ పడవెక్కి ఆ దీవికి వెళ్ళింది. కోట ద్వారం దగ్గర కాన్ఫెడరేట్ బందీల పేర్లతో ఒక ఫలకం ఉండేది. కాపలా కాసినవాళ్ళ గురించి అక్షరం ముక్క లేదు. ఒకరోజు రెస్టారెంట్లో అమ్మమ్మతో ఆ దీవి సంగతి మాట్లాడుతుంటే, పక్కనున్న ఒక స్త్రీ కల్పించుకుని ఈ నల్ల సైనికుల గురించి చెప్పింది. అంతవరకూ ట్రెథవేకూ తెలియదు.

పద్యం పది సానెట్ల డైరీ. రాసేది చదువు నేర్చిన ఒక మాజీ బానిస, ఇప్పుడు సైనికుడు. కాగితం దొరకదు. ఒక కాన్ఫెడరేట్ వదిలివెళ్ళిన ఇంట్లో దాదాపు నిండిపోయిన డైరీ దొరికితే, అతని వరసల మీదుగా అడ్డంగా తన వరసలు రాసుకుంటాడు. ఒకే పుటలో రెండు చేతిరాతలు, రెండు చరిత్రలు ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతాయి. మరో సానెట్‌లో తుఫాను తర్వాత పనిలో ఉన్న తోటి సైనికుడొకడి వీపు కనిపిస్తుంది. కొరడా దెబ్బల మచ్చలు ఆ డైరీ పుటలో గీతల్లాగే అడ్డదిడ్డంగా లేచి ఉన్నాయి. కాగితం మీది రాత, ఒంటి మీది రాత ఒక్క చూపులో కలిసిపోతాయి. ఇలాంటి చోట కవి ఆగి వ్యాఖ్యానించకపోవడం పెద్ద నిగ్రహం. చదవడం రాయడం రాని తెల్ల బందీల కోసం ఇతనే ఉత్తరాలు రాసిపెడతాడు. వాళ్ళు కింద గుర్తు గీస్తారు. అక్షరం నేర్వడమే నేరమైన జాతి మనిషి, తనను బానిసగా ఉంచడానికి పోరాడినవాడి మాటల్ని అతని భార్యకు చేరవేస్తున్నాడు. కరుణ ఇక్కడ కేవలం బాధితుడి మీద నిలవదు, ఇద్దరినీ కమ్ముకుంటుంది.

ఈ పది సానెట్లూ ముక్తపదగ్రస్తంగా సాగుతాయి. ఒకటి విడిచిన మాటను తర్వాతిది కొద్దిగా మార్చి అందుకుంటుంది. పదోది మొదటిదాని ఆరంభంలోకి వెళ్ళి వలయం పూర్తి చేస్తుంది. ఈ గొలుసు డైరీకి అమరినట్టు మరిదేనికీ అమరదు. నిన్న ఎక్కడ కలం ఆపాడో ఇవాళ అక్కడ ఎత్తుకుంటాడు. నెలల మధ్య ఎన్నో చావులు గడిచిపోతాయి. 1863లో పాస్కగూలా దగ్గర యూనియన్ ఓడే తన నల్ల సైనికుల మీద కాల్పులు జరిపింది. పోర్ట్ హడ్సన్‌లో పడిపోయిన నల్ల సైనికుల శవాలను పాతిపెట్టకుండా వదిలేశారు. ఇవన్నీ పద్యంలోకి వస్తాయి. మనుషులు ఒక్కొక్కరే జారిపోతుంటే మాట ఒక్కటే చేయి మార్చుకుంటూ నిలుస్తుంది. వాళ్ళకు ఎవరూ వేయని ఫలకాన్ని గొలుసు ఛందస్సు వేసింది.

తల్లి మరణానికీ ఈ సైనికులకూ సంబంధమేమిటి? పుస్తకం మొదటి భాగం తల్లిది, మధ్య భాగం చరిత్రది, మూడోది తనదీ తన దక్షిణాదిదీ. 'గ్రేవ్‌యార్డ్ బ్లూస్' అనే పద్యం చివర సమాధి రాయి మీద తల వాల్చుతున్నట్టు రాసింది. అసలు అక్కడ రాయే లేదు. ఆ సంగతి ఆలోచించాకే దీవిలో పేరు లేని సైనికులూ, పేరు చెక్కని తల్లీ ఒక్క చోట కనిపించారని ఆమె చెప్పుకుంది. అప్పుడే 'మాన్యుమెంట్' పద్యం బరువు మనకు తెలుస్తుంది. గడ్డి పెరిగిన శ్మశానంలో దారి తప్పి తిరుగుతుంది. తీరా చేరేసరికి తల్లి సమాధి మీద చీమలు పుట్ట పెడుతున్నాయి. లోపలి ఎర్రమట్టిని, రేపో మాపో తల్లే అయ్యే మట్టిని, రేణువు రేణువుగా మోసుకొచ్చి పైన పోస్తున్నాయి. కూతురు చేయని పని చీమలు చేస్తున్నాయి. పుట్టలోంచి కవి పుట్టిన కథ మనది. ఇక్కడ పుట్టే కవిని నిలదీస్తోంది.

ఒక్క లోపం చెప్పాలి. ఆ పద్యం ముగింపులో పుట్టను తన గుండె మీది పొక్కుగా ఆమే పేరు పెట్టి చూపిస్తుంది. భావాన్ని దాని పేరుతోనే చెప్పేస్తే రసానికి దోషమని మన వాళ్ళు అంటారు. చీమల దగ్గరే ఆగి ఉంటే ఇంకా ఎక్కువ గుచ్చుకునేది. తర్వాతి సంపుటాల్లో కూడా అక్కడక్కడా చివరి పాదంలో అధ్యాపకురాలి గొంతు వినిపిస్తుంది. 'మిత్'లో అది లేదు. అక్కడ బంధం ఆమెకు వ్యాఖ్యానించే సందివ్వలేదు. కట్టుబాటు ఎంత గట్టిదైతే ఆమె కవిత్వం అంత తక్కువ మాట్లాడి అంత ఎక్కువ పలుకుతుంది.

2012లో ఆమె అమెరికా ఆస్థానకవి అయింది. 1986లో రాబర్ట్ పెన్ వారెన్ తర్వాత ఆ పదవి దక్కిన తొలి దక్షిణాది కవి ఆమే. ఆ ఏడే 'థ్రాల్' సంపుటి వచ్చింది. అందులో తండ్రి మీద 'ఎలిజీ' ఉంది. తండ్రి అప్పటికి బతికే ఉన్నాడు, 2014లో పోయాడు. ఇద్దరూ నదిలో దిగి చేపలు పడుతున్నారు. తండ్రి బూట్లలోకి నీరు చేరుతోంది. ఎప్పటికో రాయవలసిన చరమగీతం కోసం కూతురు అప్పుడే ప్రతి వివరమూ దాచుకుంటోంది, అంత నిర్దయురాలినని తనే ఒప్పుకుంటుంది. ఒక చావును నిద్రలో పోగొట్టుకున్న మనిషి, రెండోదాన్ని రాకముందే కాచుకుని కూర్చుంది. ఆమె నిగ్రహం ఎంత ఖరీదైనదో ఈ పద్యం చెబుతుంది.

హత్య కథను సూటిగా చెప్పడానికి ఆమెకు 35 ఏళ్ళు పట్టింది. 2020లో వచ్చిన 'మెమోరియల్ డ్రైవ్' వచన గ్రంథంలో పోలీసు రికార్డులున్నాయి, తల్లి స్వహస్తంతో రాసుకున్న కాగితాలున్నాయి, హంతకుడితో ఆమె ఆఖరి ఫోన్ సంభాషణలున్నాయి. గొప్ప పుస్తకమే. కానీ కొత్తగా ట్రెథవేను చదవబోయేవాళ్ళు దాంతో మొదలుపెట్టకూడదని నా అభిప్రాయం. ముందు 'మిత్'ను రెండుసార్లు గొంతెత్తి చదవాలి, తర్వాత 'నేటివ్ గార్డ్' మొత్తాన్ని ఒకే విడతలో చదవాలి, వచనం ఆ తర్వాతే. వచనం ముందు చదివినవాళ్ళు పద్యాల్లో సాక్ష్యాలు వెతుక్కుంటారు. పద్యాలు ముందు చదివినవాళ్ళకు ఆ పోలీసు కాగితాల్లోనూ, వెళ్ళి వెళ్ళి మళ్ళీ అదే క్షణానికి తిరిగొచ్చే ఆ నడక వినిపిస్తుంది.